మత్తుమందుల వ్యసనము: వైద్యశాస్త్రము నడచిన దారి

మన వంటిండ్లలో గసగసాలు ఎరుగనివారు లేరు. మసాలా నూరేటప్పుడు పిడికెడు గసగసాలు పడనిదే కూరకు చిక్కదనము రాదని పెద్దవాండ్లు అంటారు. ఆ గింజలు పండే కాయను పచ్చిగా ఉన్నప్పుడు గీరితే తెల్లని పాలు కారుతవి. ఆ పాలు గాలికి ఆరి, గట్టిపడి, నల్లబడితే అదే నల్లమందు. గింజలలో మత్తు లేదనే చెప్పవచ్చును. మత్తంతా పాలలోనే ఉన్నది. మన తాతముత్తాతల కాలములో ఏడ్చే పసిపిల్లకు ఆవగింజంత నల్లమందు నాకించి నిద్రపుచ్చడము, ముసలివారు కీళ్ల నొప్పులకు దానిని మింగడము దేశమంతటా ఉన్న అలవాట్లే.

ఈ నల్లమందులోని సారమును మొదట వేరుచేసినవాడు సెర్ట్యూర్నర్ అనే జర్మను యువకుడు. ఇతడు పెద్ద పండితుడు కాడు. పాడర్‌బోర్న్ పట్టణములో ఒక మందుల దుకాణములో సహాయకుడు. 1804 ప్రాంతములో ఇతడు వేరుచేసిన తెల్లని స్ఫటికములకు తరువాత మార్ఫీను అనే పేరు వచ్చినది. గ్రీకుల స్వప్నదేవత మార్ఫియస్ పేరు మీదుగా వచ్చిన పేరది. 1853లో ఎడింబరో వైద్యుడు అలెగ్జాండర్ వుడ్ సూదిమందు పద్ధతిని వాడుకలోనికి తెచ్చినాడు. మింగితే మెల్లగా ఎక్కే మందు సూదితో క్షణములలో ఎక్కసాగినది. 1898లో జర్మనీలోని బేయర్ కంపెనీవారు మార్ఫీనునుండి తయారైన హెరాయిన్‌ను దగ్గు మందుగా అమ్మకమునకు పెట్టినారు. మార్ఫీనుకంటె ఇది నిరపాయకరమని అప్పటివారు నమ్మినారు. ఆ నమ్మకము ఎంత తప్పో తేలడానికి పదియేండ్లైనా పట్టలేదు.

ఇక్కడ ఒక మాట. ‘వ్యసనము’ అనే పదము మనకు నీతిశాస్త్రమునుండి వచ్చినది. జూదము, పానము, వేట మొదలైనవాటిని రాజులు విడువవలసిన సప్తవ్యసనములుగా మనవారు లెక్కించినారు. అందుచేత ఆ మాట వినగానే మన మనస్సులో వ్యాధి మెదలదు, తప్పు మెదలుతుంది. ఇది మనకొక్కరికే పరిమితమైన సంగతి కాదు. పాశ్చాత్య దేశములలోను, మొన్నమొన్నటివరకు, మత్తుమందుకు అలవాటుపడినవాడు బలహీనమైన మనస్సు కలవాడనో, నేరస్థుడనో మాత్రమే అనుకొనేవారు. ఆ భావనను కదిలించినవారి కథ ఎక్కువగా అమెరికాలో జరిగినది.

అమెరికా ప్రభుత్వము 1914లో హారిసన్ చట్టమును చేసినది. పైకి అది పన్నుల చట్టము. నల్లమందు, కొకైను అమ్మేవారు పేర్లు నమోదుచేసుకొని లెక్కలు చూపవలెను. వైద్యుడు తన వృత్తిధర్మములో భాగముగా మందు వ్రాయవచ్చునని అందులోనే ఉన్నది. కాని అలవాటుపడిన రోగికి, ఆ అలవాటును నిలబెట్టడానికి మార్ఫీను వ్రాయడము వైద్యము కాదని 1919లో అక్కడి సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. అనేక పట్టణములు తెరిచిన చికిత్సాశాలలు ఒకటొకటిగా మూతబడినవి. లూసియానాలోని ష్రీవ్‌పోర్టులో డాక్టరు విలిస్ బట్లర్ నడిపిన చికిత్సాశాల 1923 వరకు నిలిచి, చివరకు అదీ పోయినది. ఆ తరువాత నలుబది సంవత్సరములపాటు అమెరికా వైద్యుడు ఈ రోగిని ముట్టుకొనడానికే జంకినాడు. వైద్యుడు వదలిన రోగి పోలీసువాని చేతిలో పడినాడు. కేంద్ర కారాగారములు ఇట్టివారితో నిండిపోయినవి.

జైళ్ళు పట్టకపోవడమువల్లనే 1935 మే నెలలో కెంటకీ రాష్ట్రములోని లెక్సింగ్టను పట్టణము చెంత ఒక విచిత్రమైన ఆసుపత్రి వెలసినది. దానిని జనులు ‘నార్కోటిక్ ఫారం’ అని పిలిచేవారు. చుట్టూ వేయి ఎకరముల పొలము, పాడి పశువులు, కూరగాయల తోటలు, కుట్టుపని శాలలు. శిక్షపడిన ఖైదీలు, తమంతట తామే వచ్చినవారు ఒకే కప్పు క్రింద ఉండేవారు. మంచి గాలి, కాయకష్టము, వేళకు భోజనము లభిస్తే మనిషి బాగుపడునని స్థాపకుల ఆశ. పేరుమోసిన సంగీత విద్వాంసులు కూడ అక్కడికి చేరినారు. జాజ్ సంగీతములో మేటియైన సానీ రోలిన్స్ 1955లో అక్కడ చికిత్స పొంది వ్యసనము వదిలించుకొన్నవారిలో ఒకడు.

ఆసుపత్రితోపాటు అక్కడ ఒక పరిశోధనాశాల కూడ ఉండేది. వ్యసనమును కొలవవచ్చును అనే ఆలోచన అక్కడ బలపడినది. క్లిఫ్టన్ హిమ్మెల్స్‌బాక్ అనే వైద్యుడు మందు మానిన రోగిని గంటగంటకు పరీక్షించి, ఆవులింతలకు ఇన్ని, కండ్ల నీళ్ళకు ఇన్ని, చెమటకు, గగుర్పాటుకు, వాంతికి, పెరిగిన రక్తపుపోటుకు, తగ్గిన బరువుకు ఇన్ని అని అంకెలు వేసినాడు. పరీక్ష పేపరు దిద్దే ఉపాధ్యాయునివలె! ఇది హాస్యముగా తోచవచ్చును గాని దీని ప్రయోజనము చాల గొప్పది. అంతవరకు ‘వాడు నటిస్తున్నాడు’ అని కొట్టిపారవేసిన బాధకు ఒక పరిమాణము ఏర్పడినది. ఏ కొత్త నొప్పి మందు మార్ఫీనువలె అలవాటు చేయునో, ఏది చేయదో పోల్చి చూడడానికి కొలబద్ద దొరికినది.

అదే శాలలో హారిస్ ఇస్బెల్ 1950లో మరొక సంగతి నిరూపించినాడు. నిద్రమాత్రలుగా వాడే బార్బిట్యురేటులను చాలకాలము మింగినవాడు హఠాత్తుగా మానివేస్తే మూర్ఛలు వచ్చును, మతి చలించును, ప్రాణమునకే ప్రమాదము. నల్లమందు మానినవాడు నరకయాతన పడవచ్చును గాని సాధారణముగా చావడు. నిద్రమాత్రలు మానినవాడు చావవచ్చును. 1955లో సారాయి విషయములోను ఇట్టిదే తేలినది. తాగుబోతులకు వచ్చే వణుకు, పిచ్చిచూపు, మూర్ఛలు తిండి సరిలేకపోవడమువల్ల వస్తవని పలువురి ఊహ. ఇస్బెల్ పదిమందికి వారాల తరబడి పుష్టికరమైన భోజనము, విటమినులు పెడుతూనే సారాయి పోయించి, ఒకనాడు ఆపివేసినాడు. చాలకాలము తాగినవారికి మూర్ఛలు, మతిభ్రమ కనిపించినవి. దోషము తిండిలో లేదు. సారాయి ఆగిపోవడములోనే ఉన్నది.

ఈ ప్రయోగముల విషయములో చదువరికి ఒక సందేహము రాకపోదు. ఆ పదిమంది ఎవరు? ఖైదీలు. వారు ఒప్పుకొనే పాల్గొన్నారు; కాని ప్రయోగమునకు ప్రతిఫలముగా వారికి ఇచ్చిన బహుమానములలో మార్ఫీను వంటి మత్తుమందే ఒకటి. వ్యసనపరునికి వ్యసనపు వస్తువును ఆశచూపి తీసుకొన్న అంగీకారము ఏపాటి అంగీకారము? ఇస్బెల్ కొందరికి ఎల్‌ఎస్‌డి అనే భ్రాంతి కలిగించే మందును 77 రోజులపాటు ఇచ్చినాడు కూడ. 1975లో అమెరికా సెనేటు విచారణలో ఇవన్నీ బయటపడినవి. మరుసటి సంవత్సరము ఖైదీలమీద ప్రయోగములు నిలిచిపోయినవి. అక్కడ లభించిన విజ్ఞానము నిజమైనదే, నేటికీ ఉపయోగపడుతున్నదే. అది లభించిన తీరు తప్పు. ఆ రెండింటిలో ఒకదానిని చెప్పి రెండవదానిని దాచడము చరిత్ర కాదు.

ఆసుపత్రిగా మాత్రము లెక్సింగ్టను ఓడిపోయినది. అక్కడ నెలల తరబడి మందు ముట్టకుండ, బరువు పెరిగి, ఆరోగ్యముగా ఇంటికి పోయినవారిని వెంబడించి చూడగా, న్యూయార్కు నగరమునకు తిరిగి వెళ్ళినవారిలో నూటికి తొంబదిమందికి పైగా మళ్ళీ మందు మొదలుపెట్టినట్లు 1962లో ప్రకటించిన పరిశీలన చెప్పినది. వారిలో చాలమంది కొద్ది నెలలలోనే జారినారు. శరీరములో మందు లేదు, బాధ లేదు. మరి ఎందుకు?

దీనికి ఒక జవాబును అక్కడి పరిశోధకుడే అయిన అబ్రహాం వికలర్ అంతకుముందే కనుగొన్నాడు. మందు మాని నెలలు గడచిన రోగులను కూర్చోబెట్టి మాట్లాడిస్తూండగా, సంభాషణ మందు వైపు మళ్ళగానే కొందరికి ఆవులింతలు వచ్చేవి, ముక్కు కారేది, కండ్లలో నీళ్ళు తిరిగేవి. మందు నిన్ననే మానినవానికి వచ్చే లక్షణములివి! రష్యను శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ కుక్క గంట చప్పుడు వినగానే చొంగ కార్చిన ప్రయోగము మన పాఠ్యపుస్తకములలో ఉన్నదే. ఇక్కడ గంటకు బదులు పాత వీధి, పాత స్నేహితుడు, అగ్గిపుల్ల వెలుగు. లెక్సింగ్టను పొలములో ఆ గంట మ్రోగదు. ఇంటి వీధి మలుపు తిరగగానే మ్రోగుతుంది. ఊరికి దూరముగా తీసుకొనిపోయి బాగుచేసే పద్ధతులన్నింటిలోను ఉన్న లోపము ఇదే.

లెక్సింగ్టనులో 1945లో చేరిన యువ వైద్యురాలు మేరీ నిస్వాండర్. ఆమె అక్కడి కఠినత్వమును చూచి సహించలేకపోయినది. ఏడాదిలో న్యూయార్కుకు వచ్చి మనోవైద్యము నేర్చి, హార్లెము పేటలోని ఒక దుకాణపు గదిలో వ్యసనపరులకు చికిత్స చేయసాగినది. పేరుగల వైద్యులు ఎవరూ అడుగుపెట్టని చోటు అది. 1956లో ఆమె ఒక పుస్తకము వ్రాసినది. మత్తుమందు తీసుకొనేవాడు రోగి, అతనిని రోగిగానే చూడవలెనని దాని సారాంశము. అయితే మాటలతో చేసే మనోవైద్యము ఈ రోగులమీద పెద్దగా పనిచేయడము లేదని ఆమె తన అనుభవముతోనే గ్రహించినది.

విన్సెంట్ డోల్ వేరే దారినుండి వచ్చినవాడు. రాక్‌ఫెల్లర్ సంస్థలో ఆయన శరీరములోని కొవ్వు, స్థూలకాయము, రక్తపుపోటు మీద పరిశోధించేవాడు. స్థూలకాయులకు తిండి తగ్గించి సన్నబరచితే కొంతకాలమునకు మళ్ళీ అదే బరువుకు వస్తారు. ఇది కేవలము నిగ్రహము లేకపోవడము కాదు, శరీరములోనే ఏదో లాగుతున్నదని ఆయనకు తోచినది. వ్యసనమును గురించి చదువుతూ నిస్వాండర్ పుస్తకము చూచి, ఆమెను తనతో పనిచేయుమని ఆహ్వానించినాడు. మేరీ జీన్ క్రీక్ అనే యువ వైద్యురాలు మూడవ వ్యక్తిగా చేరినది. 1964లో పని మొదలైనది.

మొదట ఇద్దరు రోగులను తీసుకొన్నారు. వారికి అడిగినంత మార్ఫీను ఇచ్చి చూచినారు. ఫలితము నిరాశాజనకము. మోతాదు పెరుగుతూ పోయినది. రోజుకు కొన్నిసార్లు సూదిమందు, మధ్యలో రాబోయే సూదికొరకు ఎదురుచూపు. టెలివిజను ముందు కూర్చుని జోగడము తప్ప వారికి మరొక పని లేదు. ఇక ఈ ప్రయోగమును ముగించి, మార్ఫీను మాన్పించడానికై వారిని మెథడోను అనే మందుకు మార్చినారు. 1930ల చివరన జర్మను రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేసిన కృత్రిమ ఔషధమిది. యుద్ధము తరువాత అమెరికాకు వచ్చినది. మందు మాన్పించేటప్పుడు కొన్ని రోజులు ఇచ్చి తగ్గించి ఆపడానికే వాడేవారు.

ఇక్కడ అనుకోనిది జరిగినది. మెథడోను మోతాదు ఒక స్థాయికి చేరిన తరువాత ఇద్దరిలోను మార్పు కనిపించినది. పెద్దవాడు బొమ్మలు గీయడము మొదలుపెట్టినాడు; అవి బాగానే ఉన్నవట! చిన్నవాడు హైస్కూలు చదువు పూర్తిచేస్తానని పట్టుబట్టినాడు. ఇద్దరినీ ఆసుపత్రి ఆవరణ దాటి చదువుకు పంపినారు. సూది కొరకు ఎదురుచూపు పోయినది, మనిషి మిగిలినాడు.

కారణము మందు యొక్క కాలములో ఉన్నది. హెరాయిన్ క్షణములలో తలకెక్కి నాలుగైదు గంటలలో దిగిపోవును. రోజుకు మూడు నాలుగుసార్లు మనిషి శిఖరమెక్కి లోయలో పడుతూ ఉంటాడు. నోటితో త్రాగే మెథడోను మెల్లగా ఎక్కి ఒక రోజుకు పైగా నిలకడగా ఉండును. మత్తూ లేదు, మానిన బాధా లేదు. తగిన మోతాదులో, అనగా సాధారణముగా రోజుకు 80 నుండి 120 మిల్లీగ్రాములు తీసుకొనేవానికి, ఎవరైనా హెరాయిన్ ఇచ్చినా అది పెద్దగా ఎక్కదు. 1965 ఆగస్టులో 22 మంది రోగుల వృత్తాంతముతో డోల్, నిస్వాండరులు అమెరికన్ వైద్య సంఘపు పత్రికలో తమ ఫలితములను ప్రకటించినారు. ఆ సంవత్సరమే వారిద్దరూ వివాహము చేసుకొన్నారు.

మత్తుమందుల నిరోధక శాఖవారు వచ్చి ఇది చట్టవిరుద్ధమని బెదిరించినారు. కావలెనంటే దావా వేయండి, కోర్టులోనే తేల్చుకొందమని డోల్ బదులు చెప్పినాడు. దావా పడలేదు. ఇక రెండవ విమర్శ నేటికీ వినబడునదే: ఒక వ్యసనమును తీసి మరొక వ్యసనమును పెట్టినారు గదా! కళాశాలలో ఈ పాఠము చెప్పినప్పుడు ప్రతియేడూ కనీసము ఒక విద్యార్థి అడిగే ప్రశ్న ఇది. మంచి ప్రశ్నే. మధుమేహము కలవాడు రోజూ ఇన్సులిను తీసుకొంటాడు. అతనిని ఇన్సులిను వ్యసనపరుడు అనము గదా అని డోల్ సమాధానము. నా మట్టుకు నాకు ఆ పోలిక పూర్తిగా అతకదనిపించును. ఇన్సులిను మానితే వచ్చే కష్టము వేరు, మెథడోను మానితే వచ్చే కష్టము వేరు. అసలు తేడా రోగి దినచర్యలో ఉన్నది. ఒకడు మందు కొరకు రోజంతా వీధులలో వెదకుతాడు. మరొకడు పొద్దున ఒక గుక్క త్రాగి పనికి పోతాడు.

ఈ చికిత్సలో మరొక నూతనత్వము ఉన్నది. బాగుపడిన రోగులనే సహాయకులుగా జీతముమీద నియమించినారు. హార్లెము వీధినుండి వచ్చినవానికి వైద్యుని తెల్లకోటు కంటె తనవలె పడి లేచినవాని మాట ఎక్కువగా వినబడును. తరువాత ప్రభుత్వము దీనిని పెద్ద ఎత్తున విస్తరించినప్పుడు మోతాదులు తగ్గించి, నిబంధనలు పెంచి, ఈ మానవసంబంధమును పలుచబరచినారని డోల్, నిస్వాండరులు 1976లో బహిరంగముగానే వాపోయినారు.

మందు మెదడులో ఎక్కడ పనిచేయునో 1973లో తేలినది. బాల్టిమోరులో కాండేస్ పెర్టు, సాలమన్ స్నైడరు; న్యూయార్కులో ఎరిక్ సైమన్; స్వీడనులో లార్స్ టెరేనియస్. ఈ మూడు బృందములు ఇంచుమించు ఒకేసారి నాడీకణములమీద నల్లమందు మందులు వచ్చి అతుక్కొనే గ్రాహకములను చూపినారు. గ్రాహకము తాళము వంటిది, మందు తాళంచెవి వంటిది. అయితే గసగసాల చెట్టు పాల కొరకు మనిషి మెదడులో తాళము ఎందుకుండవలెను? శరీరమే తన సొంత తాళంచెవిని తయారుచేసుకొనవలెను గదా. 1975లో స్కాట్లండులోని ఆబర్డీనులో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ పందుల మెదడులనుండి ఆ పదార్థములను వేరుచేసి ఎంకెఫలినులని పేరుపెట్టినారు. ఇది విద్యార్థులు విడిగా చదువవలసినంత పెద్ద విషయము. ఇక్కడ ఇంతటితో విడుస్తున్నాను.

మందు ఒక్కటే సమస్తము కాదని చెప్పే పరిశీలన కూడ ఆ కాలపుదే. వియత్నాము యుద్ధములో అమెరికా సైనికులలో అయిదింట ఒకవంతు హెరాయిన్‌కు అలవాటుపడినారు. వారంతా తిరిగివస్తే దేశమేమగునని 1971లో ప్రభుత్వము కలవరపడినది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తిరిగివచ్చినవారిని వెదకి కలసి విచారించగా, అక్కడ అలవాటుపడినవారిలో మొదటి సంవత్సరములో మళ్ళీ వ్యసనములో పడినవారు నూటికి సుమారు అయిదుగురే. చాలమంది నమ్మలేదు. వికలర్ చెప్పిన గంటను తలచుకొంటే ఇది కొంతవరకు బోధపడును. వారి గంట వియత్నాములోనే ఉండిపోయినది. లెక్సింగ్టను రోగి గంట మాత్రము అతని ఇంటి దగ్గరే వేచి ఉన్నది.

1980లలో ఎయిడ్సు వచ్చినప్పుడు ఈ పరిశోధన విలువ ప్రాణములలో లెక్కతేలినది. ఒకే సూదిని పదిమంది పంచుకొనడమువల్ల వ్యాధి దావానలమువలె ప్రాకినది. న్యూయార్కులో క్రీక్ బృందము పరిశీలించగా, ఆ వ్యాధి రాకముందునుండి మెథడోను చికిత్సలో నిలిచినవారిలో నూటికి పదిమందికంటె తక్కువగా, చికిత్స లేక వీధిలో ఉన్నవారిలో ఇంచుమించు సగముమందిలో వైరసు కనబడినది. మెథడోను, దానికి దగ్గరిదైన బ్యుప్రెనార్ఫిన్ 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధముల పట్టికలో చేరినవి.

మన దేశములో ఈ దావానలము 1990 ప్రాంతములో మణిపురములో రగిలినది. ఇంఫాలులో 1991లో వ్యసనమునుండి బయటపడినవారే ఒక సేవాసంఘముగా ఏర్పడి, ఇల్లిల్లూ వీధివీధీ తిరిగి తమవారిని చేరుకొన్నారు. హార్లెములో జరిగినదే మరొక రూపములో ఇక్కడ జరిగినది. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ నిపుణులు 1990లలో నాలుక క్రింద ఉంచుకొనే బ్యుప్రెనార్ఫిన్ మాత్రలతో చికిత్స ఆరంభించినారు. మెథడోను 2012లో ప్రయోగాత్మకముగా వచ్చినది. మద్రాసులో 1980లో శాంతి రంగనాథన్ మద్యవ్యసనపరులకు చికిత్సాలయము స్థాపించినారు. ఆ సంస్థవారు తరువాత పల్లెలకే పోయి, అక్కడే శిబిరము వేసి, కుటుంబము ఎదుటనే చికిత్సచేసే పద్ధతిని నడిపినారు. వికలర్ పేరు వినని పల్లెవాసికి కూడ ఈ పద్ధతిలోని యుక్తి వెంటనే తెలిసిపోవును: మనిషి ఎక్కడ పడినాడో అక్కడే లేవడము నేర్వవలెను.

తెలుగునాట మన సమస్య హెరాయిన్‌కంటె సారాయి, కల్లు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలతో మొదలైన ఉద్యమమువల్ల 1993 అక్టోబరు 1న సారాయి నిషేధమైనది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధమును 1997లో సడలించినారు. అంగడి మూయించడము ఆ స్త్రీల వల్ల అయినది. తాగుడు హఠాత్తుగా ఆగినవానికి ఏమగునో చూచుకొనే బాధ్యత మాత్రము వైద్యులదై ఉండవలసినది. ఆ బాధ్యత ఎంత పెద్దదో తెలంగాణము తరువాత చూచినది. అక్కడ కొన్ని జిల్లాలలో అమ్మే కల్లు చెట్టునుండి దిగినది కాదు. నీటిలో క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, ఆల్ప్రజోలాము వంటి నిద్రమందులు కలిపినది. ఇస్బెల్ 1950లో పరీక్షించిన బార్బిట్యురేటులకు ఇవి మరొక కుటుంబమువే గాని, మానినప్పటి ప్రమాదము అదే.

2015 సెప్టెంబరులో అధికారులు కల్తీ కల్లును అరికట్టగా నిజామాబాదు, మహబూబునగరము జిల్లాలలో రోజుకూలీలు, ఆడవాండ్లు, ముసలివారు వణుకుతూ, మూర్ఛపోతూ, మతితప్పి మాట్లాడుతూ ఆసుపత్రులకు వచ్చినారు. 2020 మార్చిలో కరోనా కారణముగా దుకాణములు మూతబడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు మళ్ళీ అదే దృశ్యము. చికిత్స తెలిసినదే: అదే జాతి మందును వైద్యుని చేతిమీదుగా ఇచ్చి, రోజురోజుకు తగ్గించి ఆపవలెను. కాని తాను త్రాగిన సీసాలో ఏ మందు ఎంత కలిసినదో రోగికి తెలియదు. అందుచేత మొదటి మోతాదును నిర్ణయించడానికి వైద్యుడు మంచము ప్రక్కన నిలిచి, చేతి వణుకును, చెమటను, నాడిని, రక్తపుపోటును గంటగంటకు చూచి, హిమ్మెల్స్‌బాక్ వలెనే అంకెలు వేసుకొనవలసి వచ్చును.